ఇసుక దిబ్బలకు సకుటుంబ యాత్ర

ఇసుక దిబ్బల యాత్రలో రెండు ఘట్టాలుంటాయి: దిబ్బల మీద గడిపే కొన్ని గంటలు, కారులోంచి ఇసుక ఊడ్చే కొన్ని వారాలు. మొదటిదాని గురించి కరపత్రాల్లో రంగురంగుల బొమ్మలతో సహా ఉంటుంది. రెండోదాని గురించి ఒక్క ముక్క ఉండదు.

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని గ్రేట్ శాండ్ డ్యూన్స్ ఈ యాత్రకు అనువైన చోటు. 1932లో జాతీయ స్మారకంగా, 2004లో జాతీయ ఉద్యానవనంగా గుర్తింపు పొందింది. ఇక్కడి స్టార్ డ్యూన్ ఎత్తు సుమారు 741 అడుగులు. ఉత్తర అమెరికాలో ఇంతకు మించిన దిబ్బలు లేవు. నైరుతి గాలి ఇసుకను కొండల వైపు నెడుతుంది, తుఫాను వేళ ఈశాన్య గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. ఎటూ పోలేని ఇసుక పైకి పెరిగింది.

డెన్వర్ నుంచి నాలుగు గంటల ప్రయాణం. తెలుగు కుటుంబాలు ఎక్కువగా మే చివర్లో, సెలవు కలిసొచ్చే వారాంతంలో వస్తాయి. అప్పుడే మెడానో వాగు పారుతుంది, అప్పుడే గాలీ జోరుగా ఉంటుంది, అప్పుడే కారు పెట్టడానికి చోటు దొరకదు. ఊరి నుంచి వచ్చిన మామగారు దిబ్బల్ని చూసి ఎన్ని ట్రాక్టర్లవుతుందో లెక్క కడతారు. గాలికి అరిగి నున్నబడిన ఇసుక కాంక్రీటుకు పనికిరాదని అల్లుడు చెబుతాడు. "మరి ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?" అన్న ప్రశ్నకు ఉద్యానవనం వారి వద్ద కూడా సమాధానం లేదు.

తరువాతి అంశం భోజనం. గాలి ఇసుకను మోసుకుపోదు, గెంతిస్తుంది. ఒక రేణువు లేచి, కొంత దూరం ఎగిరి, పడుతూ మరికొన్నింటిని లేపుతుంది. ఈ గెంతులాట చాలావరకు మోకాలి ఎత్తులోపే సాగుతుంది. దుప్పటి పరిచి పెట్టిన పళ్లేలు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. నిలబడి తినేవాడు బతికిపోతాడు గాని, నిలబడి తినకూడదని పెద్దలంటారు. ఫలితం పదార్థాన్ని బట్టి మారుతుంది. పులిహోరలో నూనె ఉంటుంది కనుక వాలిన రేణువు మళ్లీ లేవదు. దద్దోజనంలో మునిగిపోతుంది, పంటి కిందే బయటపడుతుంది. ఆవకాయలో ఇసుకెంతో ఆవపిండెంతో తేల్చడం ప్రయోగశాలల పని. చపాతీ చుట్ట క్షేమమని ఒక వాదం; చుట్టేటప్పుడే లోపలికి పోతుందని ప్రతివాదం. అరటిపండుకు తొక్క రక్షణ ఉంది. ఒలిచే వేళ్లకు లేదు. ఆకలేస్తోందన్న పిల్లలు ఈ దశలో ఆకలి లేదంటారు. వండినవారు ఏమీ అనరు, దారి పొడవునా అనరు.

పిమ్మట ఆరోహణ. కాలిబాటలుండవు. రెండడుగులు వేస్తే ఒకటి కిందికి జారుతుంది. వేసవి మధ్యాహ్నాల్లో ఇసుక ఉపరితలం 65 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది. మంచు మీద జారే ప్లాస్టిక్ బల్ల పొడి ఇసుకలో కదలదు. ఇసుకకు ప్రత్యేకమైన బల్లను బయట అద్దెకు తెచ్చుకోవాలి. ఈ సంగతి సాధారణంగా సగం ఎక్కాక తెలుస్తుంది.

అత్తగారు ఎక్కరు. ఇసుకలో నడిచే లావు చక్రాల కుర్చీ అరువిస్తారని చెబితే, "నాకేమొచ్చిందని కుర్చీ!" అంటారు. వాగు ఒడ్డున అందరి చెప్పులకూ కాపలా ఉంటారు. ఆరు నెలల కోసం పిలిపించుకున్న మనిషికి ఊళ్లన్నీ చూపించాలనే తాపత్రయంలో పక్కన కూర్చునే వేళ ఎవరికీ చిక్కదు. ఆవిడ చూసిన అమెరికాలో ఎక్కువ భాగం సంచుల పక్క నుంచి చూసిందే. తిరుగు టికెట్టు తేదీ మాత్రం మొదటి రోజు నుంచీ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

చివరిది శుభ్రత. గాలి ధూళిని ఎగరేసుకుపోతుంది, రాళ్లను వదిలేస్తుంది. ఈ రెంటి నడుమ దిబ్బలుగా మిగిలేది సరిగ్గా బూటు జాలీలో, సీటు బెల్టు సందులో పట్టే కొలత. వాక్యూమ్ పెట్టిన సాయంత్రం కారు అద్దంలా ఉంటుంది. మర్నాడు బ్రేకు వేయగానే సీటు కింద నుంచి కొత్త సరుకు దిగుతుంది. జాతీయ ఉద్యానవనం నుంచి ఇసుక తీసుకుపోవడం చట్టరీత్యా నిషిద్ధం. ఈ నిబంధనను పిల్లలున్న కుటుంబమేదీ పాటించలేదు. కారు అమ్మినప్పుడు ఆ నిల్వ, నేరంతో సహా, కొన్నవారికి సంక్రమిస్తుంది.