పెద్ద నవలను పరువుగా వదిలేసే పద్ధతి

పేరుమోసిన నవలను సగంలో ఆపడం ఎవరికైనా చేతనవుతుంది. ఆపినట్టు ఊళ్లో తెలియకుండా ఉండాలంటేనే కాస్త కసరత్తు కావాలి. ముందుగా పుస్తకం కొనండి. అడిగి తెచ్చుకున్నదైతే తిరిగిచ్చేయడమే తప్ప వదిలేయడం కుదరదు. పెద్దవూరలో ఉండేవాళ్లు హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటే మరీ మంచిది, పార్సిల్ విప్పేటప్పుడు నలుగురూ చూస్తారు.

నమూనాకు పి.వి. నరసింహారావు ‘ది ఇన్‌సైడర్’ తీసుకుందాం. 1998లో వచ్చింది. తెలుగులో ‘లోపలి మనిషి’. ఇంగ్లిషులో 700 పేజీల పైమాటే. మౌనముని నోరు విప్పాడు, అయోధ్య గుట్టు రట్టవుతుందని అప్పట్లో ఒకటే హడావుడి. తీరా తెరిస్తే అఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రం, ఆనంద్ అనే నాయకుడు, ముఠా తగాదాలు, భూసంస్కరణలు. ప్రధాని కుర్చీ ఛాయలకు పోకముందే కథ అయిపోతుంది. అయోధ్య మీద ఆయన రాసింది వేరే పుస్తకం, అదీ ఆయన పోయాక 2006లో బయటికొచ్చింది.

మీ పంట పండేది ఇక్కడే. “అంతా బాగుంది గానీ అయోధ్య ముచ్చటే లేదు” అని నిట్టూర్చండి. ఆఖరు పేజీ దాకా చదివినవాడు తప్ప ఆ మాట అనలేడని జనం నమ్ముతారు. (నిజానికి భూముల గొడవ నడిచే చోట నవల బాగుంటుంది. 1973 సీలింగు చట్టం రోజుల్లో ఎవరి పొలం ఎవరి పేరు మీదికి పోయిందో పెద్దల నోట విన్నవాళ్లు అక్కడ ఆగి చదువుతారు. మనకెందుకు, మన పని ఆపడం.)

ఆపిన చోట హాలియా బస్సు టికెట్ పెట్టండి, మహాలక్ష్మి జీరో టికెట్ అయినా సరే. దాని మీద తేదీ, టైము ఉంటాయని భయపడొద్దు. మిషన్ కొట్టిన ఆ అక్షరాలు కొన్నాళ్లకు వాటంతటవే పాలిపోతాయి. మీరు ఎన్నేళ్లుగా ఆ పేజీలోనే ఉన్నారో సాక్ష్యం మిగలదు.

చాయ్ హోటల్ కాడ ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: “సార్, పుస్తకం యాడిదాక వచ్చింది?”

“రెండోసారి చదువుతున్న” అనండి. ఇక ప్రశ్నలుండవు.

2014లో జోర్డాన్ ఎలెన్‌బర్గ్ అనే అమెరికా గణితవేత్త మనలాంటివాళ్లను పట్టుకునే చిట్కా ఒకటి కనిపెట్టాడు. కిండిల్ పాఠకులు ఎక్కువగా గీతలు గీసిన ఐదు వాక్యాలు ఏ పేజీల్లో ఉన్నాయో చూసి, పుస్తకం ఎంతదాకా సాగి ఉంటుందో సరదాగా లెక్కగట్టాడు. హాకింగ్ కాలం పుస్తకానికి 6.6 శాతం, పికెట్టీ పెట్టుబడి గ్రంథానికి 2.4 శాతం తేలింది. కాబట్టి ఈ రాత్రే పెన్సిల్ తీసుకుని చివరి ముప్పై పేజీల్లో అక్కడక్కడా గీతలు కొట్టండి. ఒకచోట మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టండి. రచయితతో మీకు పేచీ ఉన్నట్టుంటుంది.

అలమారలో ఉంటే అది మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది. ఎప్పుడూ పుస్తకాల గురించే మాట్లాడే మిత్రుడు ఒకడుంటాడు, “తప్పకుండా చదవాలె నువ్వు” అని వాడి చేతిలో పెట్టండి. తర్వాత ఎక్కడ కనిపించినా వానల గురించి మాట్లాడండి, సాగర్ నీటిమట్టం గురించి మాట్లాడండి. పుస్తకం సంగతి మాత్రం ఎత్తకండి. ఎత్తితే తెచ్చిచ్చేస్తాడు.