నేను కొలిచేది గట్టిదనమే

రొమ్ము స్కానింగ్‌లో వాడే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ని నేను. గడ్డ బొమ్మను బూడిదరంగులో చూపించడం నా పాత పని. అది ఎంత గట్టిగా ఉందో కిలోపాస్కల్స్‌లో చెప్పడం తర్వాత నేర్చినది. క్యాన్సర్ గడ్డ తరచు గట్టిగా తగులుతుందని తడిమి చూసే వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. వేలికి అందని లోతున ఆ తేడాను పట్టాలని జొనాథన్ ఓఫిర్ బృందం 1991లో ఒక పద్ధతి ప్రకటించింది: కణజాలాన్ని కాస్త నొక్కి, ముందూ తర్వాతా వచ్చిన ప్రతిధ్వనులను పోల్చడం. నా తరం వాళ్లం అలా నొక్కం. ధ్వని పోటుతో లోపలి కణజాలాన్ని కదిలిస్తాం, ఆ కదలిక అలలా పక్కలకు పాకుతుంది. నా అల్ట్రాసౌండ్ సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది, ఆ అల మాత్రం కొద్ది మీటర్లే. కాబట్టి దాని నడకను పట్టుకోగలను. గట్టి చోట అది వేగం పుంజుకుంటుంది; ఆ వేగం నుంచే కిలోపాస్కల్స్ అంకెను లెక్కిస్తాను.

ఆ అంకె ఒక్కటే చూసి క్యాన్సర్ అనో, కాదనో తేల్చేయడం తప్పు. దాని విలువంతా ఎటూ తేలని గడ్డల దగ్గరే. 2012లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 939 గడ్డలను చూశారు. బొమ్మకు గట్టిదనాన్ని చూపే రంగును జోడిస్తే, అపాయం లేని గడ్డలను సరిగా గుర్తించడం 61.1 శాతం నుంచి 78.5 శాతానికి పెరిగింది. క్యాన్సర్లను పట్టడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. రొమ్ము గడ్డలను అనుమానం మేరకు వర్గీకరించే బైరాడ్స్ పద్ధతిలో 4ఎ అన్న గడ్డల్లో క్యాన్సర్ అవకాశం 2 నుంచి 10 శాతమే, అయినా వాటికి సూదితో ముక్క తీసి పరీక్షించే బయాప్సీ చేస్తారు. గరిష్ఠ గట్టిదనం 80 కిలోపాస్కల్స్ దాటకపోతే సూది ఆపి, కొన్ని నెలలకు మళ్లీ స్కాన్ చేయవచ్చని ఆ పరిశోధకులు సూచించారు. అందరికీ సూది వేస్తే పోయేదేముంది అంటారు కొందరు. నొప్పి ఉంది, రిపోర్టు వచ్చేదాకా నిద్రపట్టని రాత్రులున్నాయి. అవి లెక్కలోకి రావలసినవే.

మెత్తటి క్యాన్సర్ల సంగతేమిటన్నది బలమైన అభ్యంతరం. నిజమే, మ్యూసినస్ క్యాన్సర్, పాలనాళాల్లోనే ఉండిపోయిన తొలిదశ క్యాన్సర్ మెత్తగా కనబడవచ్చు. పాత మచ్చ, సున్నం పట్టిన ఫైబ్రోఅడినోమా అనే అపాయం లేని గడ్డ గట్టిగా ఉండవచ్చు. అందుకే అంచులు ముళ్లలా ఉన్న గడ్డకు నా చిన్న అంకె చూసి బయాప్సీ మానకూడదు. చేతిని బట్టి అంకె మారుతుందన్నదీ నిజమే: గట్టిగా అదిమితే మామూలు కొవ్వు కూడా గట్టిగా కనిపిస్తుంది. జెల్ దండిగా పూసి, నన్ను బరువు పడకుండా ఆనించి, రంగు నిలకడపడేదాకా కొన్ని సెకన్లు కదలకుండా ఉంచితే ఆ దోషం చాలావరకు తగ్గుతుంది. మరొకటి తప్పక చెప్పాలి. చాలా గట్టి క్యాన్సర్ నడిబొడ్డున ఒక్కోసారి అల నాకు అందనే అందదు, అక్కడ రంగు పడదు. ఆ ఖాళీని మెత్తదనం అనుకోకూడదు. చుట్టూ అంచున గట్టిదనం వలయంలా కనిపిస్తుంది కనుక కొలిచే గడిని అక్కడ పెట్టాలి. రిపోర్టులో అంకె పక్కనే ఎక్కడ కొలిచారో కూడా రాయాలి.