అంచుల మడి

తీసిన చిత్రమును తిరిగి కత్తిరింపరాదనియు, మీట నొక్కిన క్షణమున కంటికి తోచిన దీర్ఘచతురస్రమే పరమసత్యమనియు, దాని యంచున వెంట్రుకవాసి తొలగించినను ఆ సత్యమునకు మైల సోకుననియు ఘోషించు సంప్రదాయమొకటి ఛాయాగ్రాహకులలో కలదు. మడిగట్టుకొన్నవారు తడిబట్టను చూపి దూరముగా తొలగుమన్నట్లు, వీరు తమ చిత్రముల చుట్టును గల సన్నని నల్లగీతను చూపి కత్తెరను దూరముగా నుండుమందురు. ఆ గీత నెగటివు యొక్క అంచు. అది కనబడుచున్నచో చిత్రము అక్షతమని నిర్ణయము.

అయితే ఆ గీత తనంత తాను వచ్చునది కాదు. చీకటిగదిలో నెగటివును పట్టియుంచు రేకుచట్రము సామాన్యముగా చిత్రపుటంచులను కొంత కప్పివేయును. అందుచేత నిష్ఠాపరులు ఆకురాయి తెచ్చి, ఆ చట్రపు కంతను నలువైపుల రాచి పెద్దది చేసి, ఆ సందున వెలుతురును చొరనిచ్చి, తమ నల్లగీతను సాధించుకొనిరి. కత్తెర పట్టలేదని ఋజువు చేయుటకై ఆకురాయి పట్టిన ఇట్టి వైరాగ్యము అన్యత్ర దుర్లభము.

ఈ మతమునకు మూలపురుషుడుగా కొలువబడువాడు హెన్రీ కార్టియర్-బ్రెసన్. 1961లో పారిసునందలి అలేజియా వీధిలో, వాన కురియుచుండగా, కోటును తలమీదికి లాగుకొని దారి దాటుచున్న శిల్పి అల్బెర్తో జాకొమెట్టిని ఆయన నలుపు తెలుపులలో పట్టుకొనెను. అంతకు ముందటి యేటనే ‘నడచు మనిషి’ని కంచున నిలిపిన శిల్పి, తానును తన బొమ్మలవలె ఒంటరియై నడచిపోవుచున్న ఆ చిత్రము గొప్పదనుటలో నాకు వివాదము లేదు. వివాదమెల్ల భక్తులతోనే. యాదృచ్ఛికముగా లభించినది గనుక అది పవిత్రమట! ఆ శిల్పి ఛాయాగ్రాహకునకు చిరకాల మిత్రుడు. ఆయన పనిచేయు గది ఆ వీధికి చేరువలోనిదే. ఎవనికొరకు ఎచ్చట చూడవలయునో ఎరిగిన కన్నునకు లభించినదానిని యాదృచ్ఛికమనుట, ఆ కంటికి చేసిన అవమానము.

పోనిండు, అందు కత్తిరింపబడనిదేమి? వీధిలోని రంగులన్నియు పోయినవి. వానచప్పుడు పోయినది. ముందరి నిమిషమును తరువాతి నిమిషమును పోయినవి. చట్రమునకు ఆవలనున్న పారిసు నగరమంతయు పోయినది. ఇంత పోయిన పిదప మిగిలినదాని అంచునుండి ఒక వ్రేలెడు తీసినచో మాత్రము సత్యము రక్తము కక్కుకొని చచ్చునట!

ఆ పవిత్ర దీర్ఘచతురస్రము యొక్క జన్మవృత్తాంతమైనను అపౌరుషేయమా? సినిమాఫిలిముపై 18 మిల్లీమీటర్లకు 24గా నుండిన గడిని ఆస్కార్ బార్నాక్ అను జర్మను యంత్రనిపుణుడు రెట్టింపు చేయగా, 24కు 36గా ఏర్పడి, 1925లో లైకా కెమేరాతో అంగడికెక్కినది. రోలైఫ్లెక్సు కొన్నవానికి సత్యము నాలుగు ప్రక్కలును సమానముగా దర్శనమిచ్చెడిది. కొన్న కెమేరానుబట్టి ఆకారము మార్చుకొను సత్యమును ఏ ఉపనిషత్తును ఎరుగదు.

మూలపురుషుని ఆచారమును చూతము. 1932లో సేంట్-లజార్ స్టేషను వెనుక నీటిమడుగుపై దుముకుచున్న మనిషిని ఆయన చెక్కల దడి సందులోనుండి తీసెను. కటకము సందున పూర్తిగా పట్టక, ఎడమప్రక్క అడ్డుపడిన భాగమును ఆయన నిస్సంకోచముగా కత్తిరించి పారవైచెను. పోయినది చెక్క, మిగిలినది చిత్రము. గురువు దడిని తొలగించగా, శిష్యులు దానిని మరల తెచ్చి తమ చుట్టును నాటుకొనిరి.

కత్తెర ఎల్లప్పుడు నిరపరాధి యని నేననను. 1960 మార్చిలో హవానాలో మృతుల సంస్మరణసభలో అల్బెర్తో కోర్డా అను ఛాయాగ్రాహకుడు చే గువేరాను తీసెను. ప్రక్కనున్న మనుష్యుడును తాటియాకులును కత్తిరింపున పోగా, దుఃఖసభలో నిలిచిన మానవుడు చొక్కాలపై ఎక్కు విగ్రహమైపోయెను. ఇచ్చట పోయినది చెక్క కాదు, సందర్భము. మరి 1950లో రాబర్ట్ డువానో తీసిన పారిసు నగరపు ముద్దు మాటయో? ఆ జంట నటన నేర్చుకొనుచున్నవారనియు, ఆయన కోరగా ముద్దాడిరనియు బహుకాలమునకు వ్యాజ్యములలో వెల్లడియైనది. ఆ చిత్రపుటంచులను బద్దతో ఎన్నిమారులు కొలిచినను ఈ సంగతి తేలదు. కావున ఏమి పోయినదని అడుగవలయునే గాని, అంచు తెగినదా యని కాదు.

నేటి శిష్యకోటి రంగులలో తీసి, తెరపై వ్రేలితో తాకి రంగులను హరించి, మరియొక తాకుడున నల్లగీతను చుట్టును పొదిగి, ‘ఉన్నది ఉన్నట్లు’ అని క్రింద వ్రాసికొనుచున్నది. ఒక అడుగు ముందుకు వేసి వీధిలో సగము త్రోసివేసినచో కళయట; ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుండి త్రోసివేసినచో పాతకమట. త్రోసివేసినది కాలితోనా కత్తెరతోనా యని మాత్రమే విచారించు ఇట్టి విమర్శకులకై ప్రదర్శనశాలలలో చిత్రములను వ్రేలాడదీయుట వృథా వ్యయము, చట్రములు చాలును.