అప్‌డేట్ బావగారు

మా బావగారికి ఫోన్ చేస్తే పదిసార్లలో ఆరుసార్లు స్విచ్చాఫ్ అని వస్తుంది. అప్పులవాళ్లకి భయపడి కాదు, చార్జింగ్ అయిపోయీ కాదు. ఆ వేళకి ఆ ఫోన్ డైనింగ్ టేబుల్ మీద వెల్లకిలా పడుకుని ఉంటుంది. దానికి కేబుల్ తగిలించి, పాత ఆండ్రాయిడ్ తుడిచేసి, కొత్తది ఎక్కిస్తూ ఉంటారాయన. తెర మీద సన్నటి గీత వంద వైపు పాకుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటారు. కాన్పు గది బయట కూడా ఇంత కంగారు పడలేదని మా అక్క అంటుంది. లోపలున్నదానివి నీకెలా తెలుసే అంటే, ఆయన గురక లోపలికి వినపడిందిట.

ఇలాంటి మనిషి మీ అపార్టుమెంటులోనూ ఒకరు ఉండే ఉంటారు. ఫోన్ కొన్నవాడెవడైనా దాంతో మాట్లాడుకుంటాడు, పాటలు వింటాడు, కరెంటు బిల్లు కట్టుకుంటాడు. ఈయన ఫోన్ని వాడరు, మారుస్తారు. సొంతిల్లు కట్టుకుని, స్థిమితంగా కాపురం ఉండకుండా ఏడాదికోసారి గోడలు పగలగొట్టించి వాస్తు సరిచేయించేవాళ్లున్నారే, ఆ బాపతు.

చేసేది ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు ఉద్యోగం. కోడ్ ఒక్క లైను కూడా రాయలేరు. కానీ చదువుతారు. సరిగమలు రాకపోయినా కచేరీలో ముందు వరసలో కూచుని తొడ మీద తాళం వేస్తూ, గాయకుడు తప్పితే తల అడ్డంగా ఊపే పెద్దమనుషుల్లాగా అన్నమాట.

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆయన తెరిచేది పేపరు కాదు. లీనేజ్‌లో నిన్నటినించి ఇవాళ్టికి ఏమేం మార్చారో ఆ పట్టీ. ఆండ్రాయిడ్ మూల కోడ్ అందరికీ ఇచ్చేశారు కదా, దాన్ని తీసుకుని దేశదేశాల కుర్రాళ్లు జీతం భత్యం లేకుండా తమ చేత్తో వండే వంట లీనేజ్. కంపెనీ ఇక నావల్ల కాదని వదిలేసిన పాత ఫోన్లకి కూడా కొత్త ఆండ్రాయిడ్ పెడతారు వీళ్లు. పేరుకి నైట్లీ అంటారు గానీ చాలా ఫోన్లకి వచ్చేది వారానికోసారే. బావగారికి ఆ వారం ఏకాదశి ఉపవాసంలా గడుస్తుంది.

ఆ పట్టీని ఆయన పైకి చదువుతారు. ఉగాదినాడు గుడి మంటపంలో పంచాంగ శ్రవణం చేసే అయ్యవారు పూనుతారు గొంతులో. "వాల్యూమ్ పట్టీకి అంచుల గుండ్రం పెంచడమైనది. గడియారానికీ బ్యాటరీ బొమ్మకీ మధ్య ఎడం తగ్గించడమైనది. సోమవారంనాటి మార్పు రద్దు చేయడమైనది. సోమవారంనాటి మార్పుని రద్దు చేసిన మార్పుని రద్దు చేయడమైనది." ఇక బ్యాటరీకి ఆదాయం 2, వ్యయం 14 అని చెప్పడమే తరువాయి.

"రద్దుని రద్దు చేయడమేంటి బావగారూ?" అన్నాను ఒకసారి.

"రివర్ట్‌కి రివర్టు. అందులో తెలియనిదేముందోయ్? జీవో ఇస్తాం. దానికి సవరణ జీవో ఇస్తాం. ఆ సవరణని నిలుపుదల చేస్తూ మెమో ఇస్తాం. ముప్పై ఏళ్లుగా నేను తింటున్న అన్నం అదేగా."

అన్నారే గానీ, తన బల్ల మీద ఫైళ్లు నెలల తరబడి గుర్రుపెట్టి నిద్రపోతాయి. ఎక్కడో జర్మనీ కుర్రాడు రాసిన మార్పుని నాలుగు రోజులైనా ఎవరూ చూడలేదంటే మాత్రం ఈయనకి కంటి మీద కునుకుండదు. లీనేజ్‌లో ఎవరు పడితే వాళ్లు కోడ్ లోపలికి తోసేయడానికి లేదు. గెరిట్ అని ఒకచోట పెట్టాలి. తెలిసినవాళ్లు చూసి మార్కులేస్తారు. మైనస్ రెండు పడితే అక్కడే ఆగిపోతుంది. ప్లస్ రెండు పడితేనే గడప దాటుతుంది. "పొద్దుటినించీ గెరిట్‌లోనే ఉంది" అని ఈయన వాపోతే, వంటింట్లోంచి వాళ్ల అమ్మగారు, "గరిటెలో ఉంటే కంచంలో వడ్డించుకోరా, చల్లారిపోతుంది" అంటారు. ఒకరోజు భోజనాల దగ్గర ఈయన నిట్టూర్చి, "పాపం, వాడికింకా ప్లస్ టూ కాలేదు" అన్నారు. అక్క చెయ్యాపి, "పై ఫ్లోర్ వాళ్లబ్బాయేనా? సప్లిమెంటరీ కట్టాడుగా!" అంది.

ఒక ఆదివారం నన్ను కూచోబెట్టి రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో పాతది, ఒకదాంట్లో కొత్తది. రెండింట్లోనూ పైనుంచి కిందికి లాగితే దిగే తెర. వైఫై, టార్చి, బ్లూటూత్ బిళ్లలు. "తేడా చెప్పు." చూశాను. కళ్లజోడు తుడుచుకుని చూశాను. పెళ్లిచూపుల్లో కవల పిల్లల్ని ఎదురుగా కూచోబెట్టినట్టుంది. ఆయన లోపలికెళ్లి వాళ్లమ్మగారి పంచాంగం భూతద్దం తెచ్చి బిళ్ల అంచు మీద పెట్టారు.

"ఇక్కడ ఎనిమిది ఉండేది. పన్నెండు చేశారు."

"ఎనిమిదేంటి?"

"డీపీలు."

"వాట్సాప్‌లో పెట్టుకునేవా?"

ఆయన చూసిన చూపుకి ఫోన్ అయితే రీస్టార్ట్ అయ్యేది. డీపీ అంటే కొలత. తెర ఎంత చిక్కటిదైనా, పలచటిదైనా కంటికి ఒకే మేర కనపడేలా లెక్కగట్టిన కొలత. సుమారు అంగుళంలో 160వ వంతు. నాలుగు డీపీలంటే అంగుళంలో నలభయ్యో వంతు. ఆవగింజలో సగం ఉండదు. ఆ ఆవగింజలో సగం పక్కకి జరిగినందుకు బావగారు రాత్రి రెండింటిదాకా మేలుకున్నారు. పిల్లాడి బారసాల ఫొటోలు పోయాయి. నా నంబరు కూడా పోయింది. నేను ఫోన్ చేస్తే, "ఎవరండీ?" అన్నారు.

ఈ లోకంలో అడుగుపెట్టడానికి చదువక్కర్లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు వేలితో కొడితే, మీరిప్పుడు డెవలపర్ అయ్యారని ఫోనే ప్రకటిస్తుంది. 2012లో వచ్చిన 4.2 నించీ ఇదే తంతు. ఏడడుగులు నడిస్తే మొగుడూ పెళ్లాలు, ఏడుసార్లు కొడితే డెవలపరు. నాలుగేళ్లు బీటెక్ చదివి ఇంకా అమీర్‌పేటలో కోర్సులు కడుతున్న మా మేనల్లుడు ఈ సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోతాడు.

బావగారు నిజంగా కుమిలిపోవడం నేను చూసింది 2016 డిసెంబరులో. లీనేజ్‌కి ముందు ఆ వంశం పేరు సైనోజెన్‌మాడ్. అసలు లీనేజ్ అంటేనే వంశం కదా. ఆ ఏడాది ఆఖరుకి దాని వెనకున్న కంపెనీ దుకాణం కట్టేసింది. బయట చూస్తే పెద్దనోట్లు రద్దయి జనమంతా ఏటీఎంల ముందు నుంచున్న రోజులు. ఇంట్లో ఈయన మొహం వేలాడేసుకుని గోడకేసి చూస్తున్నారు. ప్రభుత్వోద్యోగి కదా, మార్చుకోకుండా దాచిన కట్టలేమైనా ఉండిపోయాయేమోనని అక్కకి గుండె దడదడలాడింది. బీరువా సర్దే వంకతో మొత్తం వెతికింది. ఏమీ దొరకలేదు. దగ్గర కూచుని మెల్లగా అడిగింది.

"పోయిందే" అన్నారట.

"ఎంతండీ?"

"సైనోజెన్."

ఆ కోడ్‌నే తీసుకుని లీనేజ్ లేచిందని తెలిశాక మనిషి మళ్లీ మామూలయ్యారు. వారసుడు పుట్టాడని స్వీట్లు కూడా పంచారు. కొత్త రెండువేల నోటుకి చిల్లర లేదన్నాడు కొట్టువాడు, అరువు పెట్టి తెచ్చారు. స్వీట్లంటే గుర్తొచ్చింది. ఆండ్రాయిడ్‌కి వరసగా మిఠాయిల పేర్లు పెట్టేవారు కదా, 2018లో పి అక్షరం వంతు వచ్చినప్పుడు బావగారు పూతరేకు మీద ఆశ పెట్టుకున్నారు. పై అని పెట్టారు. మరుసటేడు బయటికి చెప్పే మిఠాయి పేర్లే ఎత్తేశారు. లోపల్లోపల మాత్రం పెట్టుకుంటూనే ఉన్నారు, 16కి బక్లావాట. ఆత్రేయపురానికి అన్యాయం జరిగిపోయిందని ఆయన ఇప్పటికీ అంటారు.

ఇన్ని మార్పులు చేయాలంటే ముందు ఫోన్ తాళం తీయాలి. ఆ తాళం ఉండేది బూట్‌లోడర్ అనేదానికి. కొన్ని ఫోన్లకి తాళం తీస్తామని అర్జీ పెట్టుకున్నాక 168 గంటలు ఆగాలి. ఆ ఏడు రోజులూ ఆయన దీక్షలో ఉన్నట్టే. తాళం తీశాక ఇంకో చిక్కు. ఇది ఫోన్ కంపెనీ ముద్ర ఉన్న సిస్టం కాదు, మేం నమ్మం అని చాలా బ్యాంకు యాప్‌లు తలుపు తీయవు. కూకట్‌పల్లి రైతు బజార్లో ఆయన వెనకాల సంచీ పట్టుకుని నేనున్నాను. చేతిలో సరికొత్త ఆండ్రాయిడ్ 16. తూకంలో అరకిలో బీరకాయలు. ముప్పై రూపాయలు పోవడం లేదు.

"ఏంది సార్, ఫోన్ నడుస్తలేదా? నాది మా పోరడు మొన్న కొనిచ్చిండు, మస్తు నడుస్తది" అంది కూరలమ్మి.

"నడుస్తోందమ్మా, సంతకం సరిపోవట్లేదు."

"ముప్పై రూపాలకు సంతకమెందుకు సార్?"

నేను కట్టాను. ఇప్పటిదాకా ఆయన నాకు బాకీ పడింది రాసి పెట్టుకుంటే ఒక మంచి ఫోన్ వస్తుంది.

ఐఫోన్ వాళ్లంటే ఆయనకి జాలి. వాళ్లది అద్దె కొంప, మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి అంటారు. 2018 ఫిబ్రవరిలో ఆయనకి పండగొచ్చింది. 'జ్ఞానం'లో ఉండే 'జ్ఞా'ని, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు ఇరికించి పంపితే, అది చూపించబోయి ఐఫోన్లలో మెసేజి యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అని చిన్న సవరణ వదిలి మూత పెట్టింది. ఈలోగా బావగారు ఆఫీసులో ఐఫోన్ ఉన్నవాళ్లందరి నంబర్లూ సేకరించారు. "చూశావా? మన జ్ఞానం వాళ్లు తట్టుకోలేకపోయారు" అని నాకు చెప్పినప్పుడు ఆ మొహంలో కనపడ్డ దేశభక్తి ఆగస్టు 15న కూడా చూడలేదు. నా దగ్గర ఐఫోన్ లేదు కాబట్టి మా బంధుత్వం మిగిలింది.

2025లో మాత్రం రెండు దెబ్బలు తగిలాయి. మార్చిలో గూగుల్ ఇక ఆండ్రాయిడ్ పనంతా లోపలే చేసుకుంటామని చెప్పింది. విడుదలయ్యాక కోడ్ ఇస్తారు గానీ, అవుతుండగా చూసే వీలు పోయింది. "పెళ్లివారి వంటశాల కిటికీ మూసేశారోయ్. ఇక విస్తట్లో పడ్డాకే చూడాలి" అన్నారు. రెండో దెబ్బ ఆగస్టులో తగిలింది. గూగుల్ ఫోన్ యాప్ ఉన్న చాలా ఫోన్లలో కాల్ వచ్చే తెర రాత్రికి రాత్రి మారిపోయింది. ముందు గోల మొదలైంది ఇంట్లోనే.

"ఒరేయ్, నిన్నటిదాకా పైకి తోస్తే పలికేది. ఇవాళ పక్కకి తొయ్యమంటోంది. దీనికేం పోయేకాలం!" బావగారి అమ్మగారు. కాకినాడ నించి కూతురు మూడుసార్లు చేసిందిట. మూడుసార్లూ ఆవిడ పైకి తోశారు.

తెల్లారేసరికి లిఫ్టు ముందు జనం. ఫోన్ హ్యాకయిందని ఒకరు, ఖాతాలో డబ్బు పోతుందని ఒకరు. మేం ఏమీ నొక్కలేదని అందరూ. బావగారికి ఇంతమంది శ్రోతలు జన్మలో దొరకలేదు. "కోడ్ మీ ఫోన్లోకి ముందే వచ్చేసిందండీ. స్విచ్ మాత్రం వాళ్ల దగ్గరుంది. మంజీరా నీళ్లలాగే. పైపు మన ఇంట్లో, వాల్వు తిప్పేవాడు వీధి చివర" అని మొదలుపెట్టారు. "ఫేవరెట్లూ, రీసెంట్లూ కలిపి ఒకే హోమ్ చేశారు చూశారా, దాని వెనక ఆలోచన ఏంటంటే..." ఎవరికీ ఆలోచన అక్కర్లేదు. పాతది కావాలి. యాప్ సెట్టింగ్స్‌లో అప్‌డేట్లు తీసెయ్ అని ఒక మీట ఉంటుంది, అది నొక్కాలి. బావగారి వేలు దాని మీద ఒక్క క్షణం ఆగింది. శుద్ధ శాకాహారి చేతికి కోడినీ కత్తినీ ఇచ్చినట్టయింది. నొక్కారు. తర్వాతి ఫోన్. మళ్లీ నొక్కారు. వాచ్‌మన్ ఫోన్‌తో సహా నొక్కారు. ఇంటికొచ్చి తలస్నానం చేశారని అక్క చెప్పింది.

అమ్మగారి ఫోన్లో మాత్రం తీసేయలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, తొయ్యకుండా ఒకసారి తాకితే చాలనే పద్ధతి పెట్టారు. సాయంత్రం కాకినాడ ఫోన్ మోగింది. ఆవిడ తాకారు. పలికింది. "ఇదేదో పాతదానికంటే బావుందిరా" అన్నారు. ఇంత కాలంలో ఒక అప్‌డేట్‌ని మెచ్చుకున్న మనిషి ఆ ఇంట్లో ఆవిడే. బావగారు బాల్కనీలోకి వెళ్లి కాసేపు ఒక్కరే నుంచున్నారు.

ఇది రాయడం పూర్తయ్యాక ఆయనకే ముందు చదివి వినిపిద్దామని ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. మీకెప్పుడైనా బావగారితో పనిపడితే అక్క నంబరుకి చేయండి. ఆ ఫోన్ అప్‌డేట్ అడిగినప్పుడల్లా తను రెండేళ్లుగా 'తర్వాత' అనే నొక్కుతోంది. మొదటి రింగుకే ఎత్తుతుంది.