టిక్కెట్టు లేని నాటకము

వస్తువు నమ్ముట పామరుల వృత్తి యనియు, అనుభూతి నమ్ముటయే నాగరిక వాణిజ్య మనియు నేటి దుకాణాలంకార శాస్త్రజ్ఞులు సెలవిచ్చుచున్నారు. వారి మతమున కాఫీ కొట్టు వట్టి కాఫీ కొట్టుగా నుండరాదు. చెప్పుల షాపులో చెప్పులు పది జతలకు మించి కనబడరాదు. హోటలు గదిలో మంచము కంటె ముందుగా ఒక కథ ప్రవేశింపవలెను. గుమ్మమున జల్లిన పరిమళము మొదలుకొని, బుద్ధిపూర్వకముగా పెచ్చులూడగొట్టిన ఇటుక గోడ వఱకు సమస్తమును ఏకకంఠమున బ్రాండు యొక్క ఆత్మను గానము చేయవలెనట. ఆత్మ నిత్యమని మన పెద్దలు నమ్మిరి గాని, దానికి మూడేండ్ల కొకమాఱు ఇంటీరియర్ మార్పింపవలెనని వారికి తోచలేదు.

ఈ మతమునకు ఋషులు లేకపోలేదు. దుకాణపు వాతావరణము ఒక్కొక్కప్పుడు సరకు కంటెను బలముగా పనిచేయునని 1973-74లో ఫిలిప్ కోట్లర్ అను మార్కెటింగ్ పండితుడు వ్రాసెను. 1998లో పైన్, గిల్‌మోర్ అను ఇరువురు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో మఱి యొక అడుగు ముందుకు వేసి, వర్తకుడు సేవలను రంగస్థలముగాను, సరకులను రంగోపకరణములుగాను వాడుకొనవలెనని బోధించిరి. అయితే ఆ వ్యాసముననే వారొక నిక్కమైన మాటయు పలికిరి: ప్రవేశ రుసుము వసూలు చేయనంత కాలము ఎవడును అనుభూతిని నిజముగా అమ్మినట్లు కాదట! శిష్యులు తక్కిన ఉపదేశమంతయు శిరసావహించి ఈ యొక్క వాక్యమును మాత్రము గురువులకే విడిచిపెట్టిరి. సురభి నాటకసమాజమువారు మాయాబజారు ఆడునపుడు ముందు టిక్కెట్టు ఇచ్చి, పిదప తెర తీయుదురు; కనికట్టును కనికట్టని యెఱిగియే మనము చప్పట్లు కొట్టుదుము. ఈ అంగళ్లలోనో, తెర ముందు లేచును, టిక్కెట్టు కాఫీ ధరలో దాగి తరువాత వచ్చును.

సంగీతము సంగతి చూడుడు. 1982లో మిల్లిమన్ అను పరిశోధకుడు ఒక సూపర్ మార్కెట్టున మందగతి సంగీతము పెట్టించి చూడగా జనులు మెల్లగా నడచిరి; అమ్మకములు, వేగమైన సంగీతము పెట్టిన దినముల కంటె 38 శాతము హెచ్చెను. 1986లో ఆయనయే రెస్టారెంటున నట్టి ప్రయోగము చేయగా, భోజనపు ఖర్చు ఇంచుమించు మారలేదు గాని మద్యపు బిల్లు లేచెను. మనకు మధురానుభూతిగా దోచునది వర్తకుల చిట్టాలో ఒక పద్దు.

హైదరాబాదున 2018 ఆగస్టులో తెఱచిన ఐకియా గృహసామగ్రి దుకాణము నాలుగు లక్షల చదరపు టడుగులు. అందు వెయ్యిమంది కూర్చుండగల భోజనశాల. దిండు కొనవచ్చిన గృహస్థు నేలపై బాణములు చూపిన త్రోవను బట్టి, ఎవరును కాపురముండని పడకగదులను, పొయ్యి వెలుగని వంటగదులను ప్రదక్షిణము చేసి, తన సరకును తానే బండి కెత్తుకొని, తిన్న పళ్లెమును తానే తీసి బయటపడును. ఇట్టి పనికి పూర్వము కూలి యిచ్చెడివారు. అయినను న్యాయము చెప్పవలెను: మన శ్రమలో కొంత భాగమునైనను ధరలో తగ్గింతుమని అచ్చటివారు దాపఱికము లేక చెప్పుదురు. వారిని చూచి నేర్చినవారు శ్రమను మనకే యుంచి తగ్గింపును తీసివేసిరి.

నేనెఱిగిన బట్టల కొట్లలో అలంకార మనగా తెల్లని దుప్పటి కప్పిన పరుపును, గోడకు వేంకటేశ్వరుని పటమును. కాని యా పరుపుపై కూర్చున్న గుమాస్తా నలువది చీరలు మడతలు విప్పి, అంచు తిరగవేసి చూపి, "మొదటి ఉతుకులో రంగు కొంచెం దిగుతుందమ్మా, ఉప్పునీళ్లలో నానబెట్టండి" అని తన సరకు లోపమును తానే చెప్పెడివాడు. ఒక్కటియు కొనక లేచినను మొగము మాడ్చుకొనెడివాడు కాడు. నేటి అనుభూతిశాలలో రంగు దిగునా యని అడిగితిమా, నల్లదుస్తుల చిన్నవాడు టాబ్లెట్టు వంక చూచును. వాని తప్పేమున్నది? తెలిసిన మనిషికి నెల నెల జీతమియ్యవలెను. నియాన్ రెక్కలు తగిలించిన గోడకు ఒక్కమాఱు ఖర్చు పెట్టిన చాలును. పైగా ఆ రెక్కల నడుమ నిలిచి ఫోటో దిగి, దుకాణము పేరు చేర్చి, మన పిల్లలే లోకమునకు పంచిపెట్టుదురు.

కావున యజమానులకు నాదొక మనవి. గురువుల మాట మన్నించి గుమ్మమున టిక్కెట్టు కిటికీ పెట్టుడు. ఏమియు కొనక, ఇటుక గోడ చూచి, పరిమళ మాఘ్రాణించి పోవుటకు ఎందఱు వరుస కట్టుదురో తేలును. అది కుదరదందురా, మమ్ము నటులుగా నెంచి, నడచినందులకు, నిలిచినందులకు, ఫోటో దిగినందులకు కూలి కట్టింపుడు. ఆ మొత్తమును కాఫీ బిల్లులో మినహాయించుకొన్నను నాకభ్యంతరము లేదు. చిల్లర మాత్రము చేతి కియ్యవలెను.