దొడ్డితలుపును భద్రంగా తెరిచే శాస్త్రం

స్మార్ట్ టీవీ తయారీదారు గానీ, గూగుల్ ప్లే స్టోర్ వంటి అధికారిక దుకాణం గానీ పరిశీలించని యాప్‌ను ఇంకెక్కడినుంచో తెచ్చి టీవీలోకి ఎక్కించుకోవడాన్ని సాంకేతిక పరిభాషలో సైడ్‌లోడింగ్ అంటారు. దీనికి కొత్త పదం కల్పించే శ్రమ తెలుగువారికి అక్కరలేదు, దొడ్డిదారి అనే మాట ఎప్పటినుంచో ఉంది. దొడ్డిదారిన రావడం పాత సంగతే కనుక అందులో వింత ఏమీ లేదు. వింతంతా ఈమధ్య ఆ మాటకు ముందు వచ్చి కూర్చున్న ‘సురక్షితంగా’ అనే క్రియావిశేషణంలో ఉంది. కోయంబత్తూరు పీళమేడు మొదలుకొని మదురై తిరుమల నాయకుని మహలు పరిసరాల దాకా, ఇంట్లో తెలుగు మాట్లాడుకొనే పాత కుటుంబాలలో ఒక మేనల్లుడు ఈ శాస్త్రానికి ఆచార్యుడై వెలుస్తాడు. “ఏమీ కాదు మామా, సేఫ్‌గానే ఎక్కించినా” అనే ఏకవాక్యంతో శాస్త్రమంతా ఉపదేశించి, కాఫీ తాగి వెళ్లిపోతాడు. ఆ తరువాత టీవీలో జరిగేదానికి మామ బాధ్యుడు.

ఈ శాస్త్రం మొదట ఆనుకొనేది భాషాభిమానం మీద. ఆ అభిమానానికి ఆధారం లేకపోలేదు. 1529లో విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టిన నాటినుంచి అక్కడ తెలుగుకు రాజగౌరవం దక్కింది. విజయరంగ చొక్కనాథుని కాలంలో, అంటే 18వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో, తెలుగు వచనం కావ్యాలకు సరిపడే వాహికగా ఎదిగినదీ ఆ ఊళ్లోనే. కాలక్రమంలో ఆ తెలుగు కొలువు వదిలి ఇంటికి, ఇంట్లోనూ చావడి వదిలి వంటింటికి చేరింది. తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ తనవారి వలస గాథను 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాసినప్పుడు తమిళంలోనే రాశారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో తెలుగు నేర్చుకొనే దారి మరింత ఇరుకైంది. చదవడం రాని భాషను చెవితోనైనా నిలుపుకోవాలన్న ఆరాటం టీవీ ముందుకు చేరడం సహజమే, గౌరవించదగినదే.

అయితే అవ్వకు తెలుగు వినిపించాలని ఎక్కించిన ఆ యాప్‌లో ఆ రాత్రి మొదట ఆడేది అవ్వ అడిగిన సీరియల్ కాదు. థియేటరులో ఇంకా ఆడుతున్న తమిళ సినిమా, దాని తరువాత క్రికెట్ ఆట. అవ్వ చూసే సీరియల్ కేబుల్‌లో ఎలాగూ వస్తుంది. జెమిని, ఈటీవీ ఛానళ్లు 1995 నుంచీ ఉన్నాయి. అందులో జెమినిని నడుపుతున్నది చెన్నై సన్ సంస్థే. 2019లో అమలులోకి వచ్చిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల వల్ల కావలసిన ఛానల్‌ను విడిగా, ప్రకటించిన ధరకే ఎంచుకొనే వీలు కలిగింది. 2020 ఉగాదికి మొదలైన ఆహా వంటి యాప్‌లు అధికారిక దుకాణంలోనే ముందుగుమ్మం దగ్గర నిలబడి ఉన్నాయి. అంటే తెలుగు దొరకక దొడ్డితలుపు తెరవడం లేదు. డబ్బు కట్టకుండా దొరకాలని తెరుస్తున్నారు. మాతృభాష ఇక్కడ ముందు నడిచే పల్లకీ మాత్రమే, పల్లకీలో కూర్చున్నది పిసినారితనం.

ఉచితానికి వెల ఉండదనుకొనేవారు 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఐబొమ్మ కేసులో ప్రధాన నిందితుణ్ణి అరెస్టు చేసినప్పుడు ప్రకటించిన సంగతి ఒకటి గుర్తు తెచ్చుకోవచ్చు: కొత్త తెలుగు సినిమాలను ఊరికే పంచిన ఆ సైటు వెనుక సుమారు 50 లక్షల మంది వాడుకరుల సమాచారం పోగుపడి ఉందని వారు చెప్పారు. సినిమా చూస్తున్నామనుకొన్నవారిని అవతలివారు చూస్తున్నారన్న మాట.

ఇక క్రతువు దగ్గరికి వస్తే, అది చూడదగినదే. చాలా టీవీలలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యంత్రం వివరాలుండే అబౌట్ అనే అరలో అట్టడుగున కనిపించే బిల్డ్ నంబరు మీద నిలిచి, రిమోటులోని ఓకే మీటను ఏడుసార్లు నొక్కాలి. మూడు నాలుగు నొక్కులు పడగానే ఇంకా ఇన్ని అడుగులే మిగిలాయని తెర అడుగున చిన్న సందేశం మెరుస్తుంది. ఏడవది పూర్తికాగానే వాడుకరి డెవలపర్ అయ్యాడని, అనగా సాఫ్ట్‌వేర్ నిర్మాత అయ్యాడని టీవీ ప్రకటిస్తుంది. సప్తపదిలో ఏడడుగులు నడిచినవాడు గృహస్థు మాత్రమే అవుతాడు. ఇక్కడ సోఫాలోంచి లేవకుండా ఏడు నొక్కులు నొక్కినవాడు ఇంజనీరే అవుతాడు. అదే పీళమేడులో పీఎస్‌జీ టెక్ కళాశాలలో నాలుగేళ్లు కూర్చుని అదే అర్హత సంపాదించినవారు ఈ సంగతి విని కొంత నొచ్చుకోవచ్చు.

ఈ పట్టా పుచ్చుకొన్న వెంటనే కొందరు డీబగ్గింగ్ అనే మీటను కూడా తెరుస్తారు. నిర్మాతలు తమ కంప్యూటరు నుంచి టీవీకి నేరుగా ఆజ్ఞలు పంపి లోపాలు వెతుక్కోవడానికి ఏర్పరచిన ద్వారం అది. పని కాగానే మూయాలన్న సంగతి ఏకవాక్య శాస్త్రంలో లేదు. ఆ ద్వారాన్ని తెరిచి వదిలేసిన ఆండ్రాయిడ్ ఫోన్లలోకి, టీవీ పెట్టెల్లోకి ఒక పురుగు ప్రోగ్రాము తనంతట తానే పాకి, వాటిచేత రాత్రింబగళ్లు క్రిప్టో నాణేలు తవ్వించిన ఉదంతం 2018 ఫిబ్రవరిలో చైనా భద్రతా పరిశోధకుల కంటబడింది. తవ్వే కరెంటు ఇంటివారిది, తవ్విన నాణెం ఇంకొకరిది.

తరువాతి ఘట్టం అజ్ఞాత మూలాలకు అనుమతి. ఈ మీట తెరిచేటప్పుడు టీవీ ఒక హెచ్చరిక చూపుతుంది: ఇటువంటి యాప్‌ల వల్ల టీవీకీ, సొంత సమాచారానికీ దాడుల ముప్పు పెరుగుతుంది, నష్టం జరిగితే బాధ్యత వాడుకరిదే అని దాని సారాంశం. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదువుకొన్న కుటుంబానికి ఈ హెచ్చరిక సాధారణంగా ఇంగ్లీషులో వస్తుంది. టీవీ భాషను తమిళానికి మార్చుకొనే వీలుంది, తెలుగుకూ ఉంది, కానీ ఆ మీట వైపు ఎవరి వేలూ పోదు. మూడు భాషల ఇంటిలో చివరకు అందరికీ అర్థమయ్యే నాలుగవ భాష ఒకటుంది, దాని పేరు ఓకే.

మదురై కోటకు 72 బురుజులుండేవనీ, ఒక్కొక్క బురుజు కావలి ఒక్కొక్క పాళెగానికి అప్పగించారనీ సంప్రదాయం చెబుతుంది. 19వ శతాబ్దంలో బ్లాక్‌బర్న్ కలెక్టరుగా ఉన్నప్పుడు ఆ కోట గోడలను పడగొట్టించి కందకం పూడ్పించారు. ఊరు విస్తరించాలన్నది కారణం, చేసినది పట్టపగలు. ఈనాటి టీవీ పండితుడు అంత దూరం పోడు. గోడను అలాగే ఉంచి బురుజు మీది కావలివాణ్ణి మాత్రం ఇంటికి పంపేస్తాడు, అంటే యాప్‌లను తనిఖీ చేసే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఏర్పాటును ఆపేస్తాడు, ఎందుకంటే తాను ఎక్కించబోయే యాప్‌ను చూసి అది కేకలు వేస్తున్నది. కేకలు ఆగిపోయాయి కనుక భద్రత కుదిరిందని నిర్ధారణ.

శాస్త్రానికి ఉపాంగాలు కూడా ఉన్నాయి. ఒకటి వీపీఎన్, అనగా ఇంటి ఇంటర్నెట్ రాకపోకలను సంకేతభాషలో చుట్టి వేరొక కంప్యూటరు మీదుగా మళ్లించే సేవ. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవారికి ఇంట్లో ఏం చూస్తున్నారో తెలియకుండా ఇది కాపాడగలదేమో గానీ, ఇంట్లోనే కూర్చున్న యాప్ నుంచి కాపాడలేదు. దొంగ వంటింట్లో ఉండగా వీధిలో గొడుగు చాటున నడవడం వంటిది ఇది. రెండవది హాష్, అనగా ఫైలు నుంచి గణించిన ఒక అక్షరాల వరుస. ఫైలులో ఏ కొంచెం మారినా ఆ వరుస మారిపోతుంది కనుక సరిచూసుకొంటే చాలునంటారు. సరిచూడవలసిన వరుసను ప్రకటించేది కూడా ఫైలు ఇచ్చిన సైటే. పాలవాడు పాలతో పాటు లాక్టోమీటరును కూడా తన సంచిలోంచే తీసి చూపిస్తే ఏ పీళమేడు ఇల్లాలూ ఊరుకోదు. మూడవది వైరస్‌టోటల్, ఫైలును డెబ్బైకి పైగా యాంటీవైరస్ యంత్రాంగాలకు చూపించే సేవ. ఇది నిజంగా మంచిదే. కాకపోతే ఈరోజు శుద్ధంగా ఉండి, నెల తరువాత బయటినుంచి విషాన్ని దించుకొనే యాప్ గురించి అది ఈరోజు ఏమీ చెప్పలేదు.

అన్నిటికన్నా గట్టిదని చెప్పే ప్రమాణం డిజిటల్ సంతకం. యాప్ నిర్మాత తన దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంచెవితో ప్రతి కొత్త కూర్పు మీద వేసే ముద్ర ఇది. ముద్ర కలిస్తేనే టీవీ పాత యాప్ మీద కొత్తదాన్ని ఎక్కించుకొంటుంది. యూట్యూబ్‌ను ప్రకటనలు లేకుండా చూపే స్మార్ట్‌ట్యూబ్ అనే యాప్ ఈ విషయంలో ఆదర్శంగా చెప్పబడేది: నిర్మాత ఎవరో తెలుసు, మూలపాఠం బహిరంగం, సంవత్సరాల మంచి పేరు. 2025 నవంబరులో ఆ యాప్ చాలామంది టీవీలలో హఠాత్తుగా ఆగిపోయింది. నిర్మాత పనిచేసే కంప్యూటరులోకే మాల్‌వేర్, అంటే హానికర ప్రోగ్రాము, చొరబడి కొన్ని కూర్పులలో చేరిందని బయటపడింది; ఆయనే ఆ సంగతి ఒప్పుకొని, పాత సంతకాన్ని వదిలేసి కొత్తదానితో మళ్లీ మొదలుపెట్టారు. చెడిన కూర్పుల మీద కూడా అసలు సంతకమే ఉంది. ఆ ఉదంతంలో టీవీల మీద యాప్‌ను నిలిపివేసినది, మేనల్లుడు ఆపేయమని చెప్పే ఆ ప్లే ప్రొటెక్టే.

“టీవీలో దోచుకోవడానికి ఏముంది? బ్యాంకు పాస్‌బుక్కా?” అనే ప్రశ్న తరువాత వస్తుంది. దోచేది టీవీలోని వస్తువును కాదు, ఇంటి చిరునామాను. ప్రతి ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌కూ ఐపీ అనే సంఖ్యా చిరునామా ఉంటుంది. దానిని అద్దెకిచ్చి, ఎక్కడో కూర్చున్న మోసగాడు చేసే పని కోయంబత్తూరు ఇంటినుంచి జరిగినట్టు కనిపించేలా చేయడాన్ని రెసిడెన్షియల్ ప్రాక్సీ అంటారు. అద్దె ఇంటివారికి రాదు, పోలీసుల నోటీసు మాత్రం రావచ్చు. ఇవి ఊహలు కావు. 2024 సెప్టెంబరులో డాక్టర్ వెబ్ అనే భద్రతా సంస్థ ‘వాయిడ్’ అనే మాల్‌వేర్‌ను 197 దేశాలలో సుమారు 13 లక్షల ఆండ్రాయిడ్ టీవీ పెట్టెల్లో కనుగొన్నది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ అనే, మాల్‌వేర్ సోకిన యంత్రాల వల గురించి బహిరంగంగా హెచ్చరించింది. దాని నిర్వాహకుల మీద మరుసటి నెలలో న్యూయార్కులో దావా వేసిన గూగుల్, సోకిన యంత్రాలు కోటికి పైనే అని చెప్పింది. అనుమానించవలసిన లక్షణాలుగా ఎఫ్‌బీఐ చెప్పినవాటిలో ఊరూపేరూ లేని పెట్టె, అన్నీ ఉచితంగా చూపిస్తానన్న ప్రకటన, ప్లే ప్రొటెక్ట్‌ను ఆపేయమనే సూచన ఉన్నాయి. అక్కడ రోగ లక్షణాలుగా రాసిన పట్టికను ఇక్కడ వాడుక విధానంగా చదువుతున్నారు.

ఇన్ని చెప్పినా చివరి అస్త్రం ఒకటి మిగులుతుంది: ఇది జి.డి. నాయుడు పుట్టిన నేల, యంత్రాన్ని విప్పి చూడటం ఇక్కడివారి రక్తంలోనే ఉంది. కలంగల్‌లో 1893లో పుట్టిన ఆయన కుర్రతనంలో ఒక రడ్జ్ మోటారుసైకిలును కొని, ముక్కముక్కగా విప్పి, మళ్లీ బిగించి నేర్చుకొన్న మాట నిజమే. దేశంలో తొలి విద్యుత్ మోటారుగా చెప్పుకొనేది 1937లో ఆయన, బాలసుందరం నాయుడు కలిసి చేసినదే. కానీ ఆయన విప్పినది చూడటానికి. ఇక్కడ విప్పుతున్నది చూడకుండా ఉండటానికి. ఆయన మోటారుసైకిలులోని ప్రతి మరనూ చేత్తో తడిమాడు, మేనల్లుడు ఎక్కించిన యాప్‌లోని ఒక్క పంక్తినైనా ఎవరూ కంటితో చూడలేదు. చవకకు కూడా ఆయన వ్యతిరేకి కాడు: 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసిపెట్టగలనని ప్రకటించాడు. ఆ 70 రూపాయల వెనుక ఒక మనిషి, ఒక ఊరు, ఒక కార్ఖానా ఉన్నాయి. చెడిపోతే వెళ్లి తలుపు తట్టవచ్చు. ఉచిత యాప్ వెనుక తట్టడానికి తలుపే లేదు.

వింతేమిటంటే, ఈ కోయంబత్తూరువారే పంపుసెట్టు మోటారుకు వైండింగ్ చేయించేటప్పుడు మెకానిక్ పక్కన స్టూలు వేసుకొని కూర్చుంటారు. తీగ రాగిదో, రాగి రంగు పూసిన అల్యూమినియమో బ్లేడుతో గీకి చూస్తారు, గేజి అడుగుతారు, కొత్త మోటారైతే ఐఎస్ఐ ముద్ర వేలితో తడిమి గానీ డబ్బు తీయరు. బావిలోకి దిగే మోటారుకు ఇంత పరీక్ష; పడకగదిలో, మైకు ఉన్న రిమోటుతో, ఇంటి వైఫై మీద, ఇంటివారి గూగుల్ ఖాతాతో నడిచే యంత్రానికి మేనల్లుడి మాట.

దొడ్డిదారి అన్నివేళలా దొంగదారి కాదన్నది కూడా చెప్పవలసిన మాటే. వీఎల్‌సీ ప్లేయర్‌ను దాని నిర్మాతల సొంత సైటునుంచి తెచ్చుకొనేవారు, తాము రాసిన యాప్‌ను తమ టీవీ మీద పరీక్షించుకొనేవారు ఉన్నారు; అధికారిక దుకాణాలలోకి కూడా అప్పుడప్పుడు చెడ్డ యాప్‌లు దూరాయి. అటువంటివారు తాము ఏమి ఎక్కిస్తున్నారో చెప్పగలరు, పని కాగానే మీట మూస్తారు, ‘సురక్షితంగా’ అనే మాట వాడరు. ఆ మాట ఎక్కువగా వాడేవారికే ఆ యాప్ ఎవరిదో తెలియదు.

పాఠకులలో మేనల్లుళ్లు ఉన్నవారు ఈ రాత్రి టీవీ సెట్టింగ్స్‌లో అజ్ఞాత మూలాల అనుమతి ఏ యాప్‌కు ఉందో చూడండి, ఉంటే మూసేయండి. ప్లే ప్రొటెక్ట్‌ను తిరిగి తెరవండి. యాప్‌ల పట్టికలో ఎవరూ గుర్తుపట్టని పేరుంటే దానిని తీసేయండి. దీనికి డెవలపర్ కానక్కరలేదు, ఏడు నొక్కులూ అక్కరలేదు. పెట్టె ఊరూపేరూ లేనిదైతే మాత్రం నొక్కులతో పని జరగదు, ఎందుకంటే అటువంటివాటిలో మాల్‌వేర్ తయారీలోనే కూరి ఉండవచ్చు. దాని ప్లగ్గు పీకేయండి.