జానకమ్మ లేని యుగళగీతం

ఈమధ్య మళ్ళీ క్యాసెట్ల మోజు మొదలైంది. పెళ్ళికెళ్తే తాంబూలం సంచీలో కొబ్బరికాయ పక్కన క్యాసెట్. షష్టిపూర్తికి క్యాసెట్. రిటైరైన హెడ్మాస్టారికి శాలువాతో పాటు క్యాసెట్. అందులో రకరకాల గొంతులు వినిపిస్తే పరువు తక్కువ కాబోలు, ఇప్పుడు పద్ధతి ఒక్కటే: ఒక క్యాసెట్టుకి ఒక్కడే దేవుడు. 'ఓన్లీ బాలు'. 'ఓన్లీ ఘంటసాల'. 'ఓన్లీ ఇళయరాజా'. ఏకపత్నీవ్రతం కాస్త గాడి తప్పిన ఈ రోజుల్లో ఏకగాయక వ్రతమన్నా నిలబడుతోంది, సంతోషించాలి.

క్యాసెట్ మీద నాకేం కోపం లేదు. 1963లో ఫిలిప్స్ వాళ్ళు బయటికి తెచ్చారు, మన ఇళ్ళలో చాలాకాలం నమ్మకంగా పనిచేసింది, సీడీలు రాగానే గొడవ చెయ్యకుండా అటక ఎక్కింది. ఫోన్లో వచ్చే పాటని ఒక వైరు తగిలించి రీలు మీదికి ఎక్కించి, ఆ 'స్స్...' మన్న చప్పుడు వింటూ "అబ్బ, అనలాగ్‌లో ఆ వెచ్చదనమే వేరండీ" అని కళ్ళు మూసుకునేవాళ్ళని కూడా ఏమీ అనను. చద్దన్నాన్ని ఇత్తడి గిన్నెలోకి మార్చి వేడివేడిగా ఉందంటే కాదనడానికి నేనెవర్ని?

నా గొడవంతా ఆ 'ఓన్లీ'తోనే.

మా బావమరిది ఈ వ్రతం పట్టాడు. అరవై నిమిషాల క్యాసెట్, వైపుకి ముప్ఫై. పాటకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేసినా వైపుకి ఏడు. మొత్తం పద్నాలుగు పాటలు, అన్నీ బాలువే. ఇక్కడిదాకా బానే ఉంది. లిస్టు రాయడం మొదలెట్టాక వాడికో ధర్మసందేహం వచ్చింది: యుగళగీతం బాలు పాట అవుతుందా, అవదా? సగమే కదా బాలుది! సగం పాటకి మొత్తం చోటు ఎందుకివ్వాలి? అని యుగళగీతాలన్నీ కొట్టేశాడు.

తర్వాత సోలోలు వినడం మొదలెట్టాడు, కాయితం పెన్సిలు పట్టుకుని. ఒకదాంట్లో పల్లవికి ముందు ఆడగొంతు ఆలాపన. తీసెయ్. ఇంకోదాంట్లో కోరస్. తీసెయ్. వేరొకదాంట్లో మధ్యలో హీరోయిన్ నవ్వుతుంది. చాలాసేపు ఆలోచించి, నవ్వు సంగీతం కిందికి రాదని దాన్ని క్షమించాడు. పొద్దుగూకేసరికి పద్నాలుగులో ఐదు మిగిలాయి. నలభై వేలకు పైగా పాడాడని పేరున్న మనిషికి ఒక్క వైపు నిండలేదు!

అప్పుడు వాళ్ళబ్బాయి వచ్చి ఉపాయం చెప్పాడు. గొంతుల్ని విడదీసే యాప్ ఉందట. వేలితో ఒక గీతని కిందికి లాగితే జానకమ్మ మాయం. ఇంకేం, కొట్టేసిన యుగళగీతాలన్నీ తిరిగొచ్చాయి, శుద్ధి చేయించుకుని మరీ.

విన్నాను. కాఫీ ఇచ్చి, కుర్చీ వేసి, వినిపించాడు. హీరో ఏదో అడుగుతాడు. జవాబు రాదు. తబలా కాసేపు తనలో తనే కొట్టుకుంటుంది. వయొలిన్లు వచ్చి ఎవరూ లేరని చూసి వెళ్ళిపోతాయి. హీరో మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ జవాబు రాదు. రెండో చరణానికి వచ్చేసరికి ఆ మనిషి మీద జాలేసింది. ప్రేమలో ఉన్నవాడిలా లేడు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి లైన్లో ఉన్నవాడిలా ఉన్నాడు. "చూశావా బావా, ఇప్పుడు బాలు ఒక్కడే వినిపిస్తున్నాడు" అన్నాడు వీడు. అవును, పాపం ఒక్కడే.

అసలు ఆవిడ ఎవరనుకుంటున్నారు? 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే, ఇన్నేళ్ళకా అని వద్దన్న మనిషి ఎస్.జానకి. దేశం ఇచ్చిన పురస్కారాన్నే పుచ్చుకోనన్న గొంతుని మనవాళ్ళు బొటనవేలితో కిందికి లాగేస్తున్నారు. దానికి పేరు భక్తి! అవతలి గొంతు ఎలా సాగిందో విని, దానికి తగ్గట్టు తన గొంతు తగ్గించి, ఒకచోట నవ్వి, ఒకచోట ఆగి పాడాడు కాబట్టే ఆయన బాలు అయ్యాడు. ఎదుటివాళ్ళని చెరిపేస్తే మిగిలేది బాలు గొంతే కానీ బాలు పాట కాదు.

ఈ ముక్క ఆయనకి తెలుసు. 'పాడుతా తీయగా'లో పిల్లలు నోరు తెరిచి మొదట చెప్పేది ఏ సినిమా, ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు అనే. ఆయన ఎదురుగా కూర్చుని అన్నేళ్ళు వాళ్ళచేత ఆ పేర్లు చెప్పించాడు. ఆయన పేరు మీద క్యాసెట్ చేసి, కవరు మీద మిగతా పేర్లన్నీ ఎగ్గొట్టడానికి ఎంత ధైర్యం కావాలి! శంకరాభరణానికి జాతీయ పురస్కారాలు బాలుకీ వచ్చాయి, వాణీ జయరాంకీ వచ్చాయి, మహదేవన్‌కీ వచ్చాయి. పాత కీర్తనలు పోగా మిగతా పాటలు రాసింది వేటూరి. నాకిచ్చిన క్యాసెట్ కవరు మీద ఒక్క పేరే ఉంది. కాదు, మూడు: కింద బంగారు రంగులో వధూవరులవి.

ఇక 'ఓన్లీ ఇళయరాజా' సంగతి. అది తెచ్చి 'ఓన్లీ బాలు' పక్కన పెట్టండి. దాంట్లో సాగర సంగమం, దీంట్లో సాగర సంగమం. దాంట్లో గీతాంజలి, దీంట్లో గీతాంజలి. అవే పాటలు, ఆ కవరు మీద ఈయన లేడు, ఈ కవరు మీద ఆయన లేడు. ఆ రెండు సినిమాలకీ రాసింది మళ్ళీ వేటూరే; 'ఓన్లీ వేటూరి' మాత్రం ఇంతవరకూ ఏ తాంబూలం సంచీలోనూ కనపడలేదు. 2017లో బాలు అమెరికాలో కచేరీలు చేస్తుంటే ఇళయరాజా తరఫు వకీలు నోటీసు పంపాడు. ఆయన పాటలు పాడకుండానే మిగతా పర్యటన కానిస్తామని బాలు చెప్పుకోవాల్సి వచ్చింది. పాట ఎవరిదన్న ప్రశ్న అంత స్నేహాన్నే వకీలు దాకా తీసుకెళ్ళింది. మా బావమరిది దాన్ని ఒక ఆదివారం మధ్యాహ్నం తేల్చేశాడు.

'ఓన్లీ ఘంటసాల' మరీ విడ్డూరం. మాయాబజార్‌లో లీల లేకుండా పడవ కదులుతుందా? సాలూరి రాజేశ్వరరావు బాణీలు లేకుండా ఆ క్యాసెట్ తిరుగుతుందా? సంగీత దర్శకుడిగా ఎన్నో గొంతుల చేత పాడించిన ఘంటసాలని తీసుకొచ్చి ఒంటరివాణ్ణి చేశారు.

"మా రోజుల్లో రికార్డింగ్ షాపులో ఇలాగే చేయించుకునేవాళ్ళం" అని ఒకాయన నాకు పాఠం చెప్పాడు. చేయించుకునేవాళ్ళమే. ఆ షాపువాడు రాసినవాడికీ పైసా ఇవ్వలేదు, పాడినవాడికీ ఇవ్వలేదు, అది గర్వంగా చెప్పుకునే సంగతి కాదు. కానీ వాడిలో ఒక మంచి గుణముంది. వైపు చివర రెండు నిమిషాల రీలు మిగిలితే ఖాళీగా వదలడం మనసొప్పక, తనకి తోచిన పాట ఏదో ఒకటి ఎక్కించేవాడు. బాలు క్యాసెట్ చివర ఏసుదాసు వచ్చి, చరణం మధ్యలో టక్కుమని ఆగిపోయేవాడు. ఆ తర్వాత ఏముందో తెలుసుకోవడానికి మళ్ళీ అదే షాపుకి వెళ్ళేవాళ్ళం. మనం అడగని గొంతు అలా ఇంట్లోకి వచ్చేది.

సరే, వ్రతం మానరుగా. అయితే నాదో చిన్న కోరిక. ఎప్పుడూ బాలూ ఘంటసాలేనా? ఈసారి 'ఓన్లీ మాధవపెద్ది సత్యం' చెయ్యండి. మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు భోజనం పాటతో మొదలెట్టండి, తిరుగులేదు. రెండో పాటగా 'కులగోత్రాలు' సినిమాలో పేకాట పాట పెట్టండి. అప్పుడు పక్కనే పిఠాపురం నాగేశ్వరరావు గొంతు కలుస్తుంది. ఆ ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడుతూ పాడుతుంటే ఎవరి ముక్క ఎక్కడ ఆగిందో, ఎవరిది ఎక్కడ మొదలైందో తేల్చడానికి మీ యాప్‌ని దించండి. తేలాక నాకు ఫోన్ చెయ్యండి, నేనే వచ్చి సంచీ పట్టుకెళ్తాను.